ప్రైమరీ బడిలో మనసు సంగతులు: పాలమూరు, నల్లగొండ పిల్లలకు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ ఎట్లా నేర్పాలె

రెండో తరగతి పిల్లగాడు పక్కోని పెన్సిల్ గుంజుకుంటడు, వాడు ఇయ్యనంటే చేతి మీద కొరుకుతడు, కొరికించుకున్నోడు ఏడ్చుకుంట సారు దగ్గరికి వస్తడు. మన బళ్లల్ల చాలాసార్లు తర్వాత జరిగేది ఏందంటే, సారు కొరికినోనికి రెండు తగిలించి, బలవంతంగ సారీ చెప్పించి, ఇద్దర్నీ చెరో మూలకు కూసోబెడతడు. క్లాసు సప్పుడు లేకుండ అయితది, పాఠం ముందుకు పోతది. కానీ ఆ రెండు నిమిషాల్లనే ఇద్దరు పిల్లలూ ఇంకో పాఠం నేర్చుకుంటరు, కోపం బలం ఉన్నోనికి వస్తేనే చెల్లుతది, చిన్నోనికి వస్తే తన్నులు పడతయి అని. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ నేర్పుడు అంటే ముందుగాల ఈ రెండు నిమిషాలను ఇంకో తీరుగ వాడుకునుడు. కొత్త పుస్తకం, కొత్త పీరియడ్, గోడ మీద రంగుల చార్ట్, ఇవన్నీ దాని తర్వాతనే.

ఈ మాటకు అర్థం ఏందో కొంచెం చూద్దాం. 1990లో అమెరికాలో పీటర్ సలోవే, జాన్ మేయర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీన్ని ఒక పద్ధతి ప్రకారం వివరించిన్రు. తన మనసుల ఏమైతుందో, ఎదుటోని మనసుల ఏమైతుందో గుర్తుపట్టుడు, అది ఎందుకొచ్చిందో అర్థం చేసుకునుడు, దాన్ని చూసుకుంట ఏం చేయాల్నో ఆలోచించుడు. 1994లో అక్కడనే ఏర్పడ్డ కాసెల్ అనే సంస్థ బడుల కోసం దీన్ని ఐదు భాగాలు చేసింది, తనను తాను తెలుసుకునుడు, తనను తాను సంభాళించుకునుడు, పక్కోళ్ల బాధ సంతోషం పట్టించుకునుడు, నలుగురితో కలిసి మెలిసి ఉండుడు, ముందు వెనక చూసుకొని నిర్ణయం తీసుకునుడు. వీటిల్ల ఎక్కడా కోపం రావొద్దు, ఏడ్వొద్దు, చెప్పిన మాట వినాలె అని లేదు. మన దగ్గర చాలామంది ఇక్కడనే పొరపాటు పడతరు, చేతులు కట్టుకొని కిమ్మనకుండ కూసున్న పిల్లను చూసి మస్తు బుద్ధిమంతురాలు అంటరు, ఆ పిల్ల లోపల భయంతో బిగుసుకపోయి ఉండొచ్చు, ఆ సంగతి ఎవరూ అడగరు. నీతికథ చెప్పి చివర్ల నీతి రాయించుడు కూడా ఇది కాదు. అబద్ధం ఆడొద్దని వందసార్లు రాసిన పిల్లగానికి కూడా తన్నులు పడతయన్న భయం వచ్చినప్పుడు ఏం చేయాల్నో తెల్వదు, అందుకే అబద్ధం ఆడతడు.

ఇదంతా పని చేస్తదా అంటే, చేస్తది, అయితే ఎట్ల చేస్తమన్న దాని మీద ఉంటది. 2011లో జోసెఫ్ డర్లాక్, ఆయన తోటి పరిశోధకులు బడుల్ల జరిగిన 213 ప్రోగ్రాంలను, అంటే 2,70,000 మందికి పైగా పిల్లల లెక్కలను ఒక దగ్గర పెట్టి చూస్తే, ఇవి నేర్చుకున్న పిల్లలు చదువులో కూడా సగటున 11 పర్సెంటైల్ పాయింట్లు ముందుకు పోయిన్రు, అంటే మధ్యల ఉండే పిల్లగాడు వందమందిల 50వ మెట్టు నుంచి 61వ మెట్టు దాక ఎక్కినట్టు. అందులనే ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది, చదువు మెరుగైంది బడి టీచర్లే చేయించిన చోట మాత్రమే, బయటోళ్లు వచ్చి చేయించి పోయిన చోట ఆ లాభం కనిపించలేదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌ల 1972-73లో పుట్టిన దాదాపు వెయ్యి మంది పిల్లలను ఏండ్ల తరబడి చూస్తూ వచ్చిన స్టడీల, చిన్నప్పుడు తమను తాము సంభాళించుకోగలిగిన పిల్లలు 32 ఏండ్లు వచ్చేసరికి ఆరోగ్యం, పైసల విషయంల మెరుగ్గ ఉన్నరని తేలింది. మరి దీనికి ఎదురు సాక్ష్యం కూడ చెప్పాలె. బ్రిటన్‌ల 8 వేల మందికి పైగా పిల్లలకు, అంటే 11 ఏండ్లు దాటినోళ్లకు, బడిల మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఊపిరి మీద, ఇప్పుడు జరిగేదాని మీద ధ్యాస పెట్టుడు, ఆ పాఠాలు చెప్పి చూసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చినయి, మామూలు పాఠాలు విన్న పిల్లలకూ వీళ్లకూ పెద్ద తేడా లేదు, చాలామంది పిల్లలు ఇంటికి పోయినంక దాన్ని ప్రాక్టీసే చేయలేదు. అంటే పాఠం చెప్పుడు వేరు, రోజూ చేయించుడు వేరు. బోర్డు మీద బొమ్మ గీసి ఈత నేర్పలేం, నడుముకు డబ్బా కట్టి బాయిల దింపితేనే వస్తది.

మన దేశంల కూడ ఈ ఆలోచన ఉన్నదే. ఢిల్లీ సర్కారు బళ్లల్ల 2018 జులైల హ్యాపీనెస్ కరికులం మొదలువెట్టి నర్సరీ నుంచి 8వ తరగతి దాక రోజుకో పీరియడ్ ఇచ్చిన్రు. 2022ల వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక ఫ్రేంవర్క్ 3 నుంచి 8 ఏండ్ల పిల్లలకు భావోద్వేగాల ఎదుగుదలను ఒక లక్ష్యంగనే పెట్టింది. మన రాష్ట్రంల ప్రోగ్రెస్ కార్డుల కూడ విలువల విద్య, జీవన నైపుణ్యాలు అని ఒక గడి ఉంటది, చాలా చోట్ల ఏడాది చివర్ల అందరికీ ఒకే గ్రేడ్ వేసి నింపుడే దాని పని అయిపోయింది.

ఇక మన దిక్కు సంగతి. పుస్తకాలల్ల ఎమోషన్స్ పాఠం సంతోషం, బాధ, కోపం, భయం అని నాలుగు మొకాల బొమ్మలతో మొదలైతది. నారాయణపేట, మద్దూరు, కోస్గి వైపు బళ్లల్ల, దేవరకొండ, చందంపేట తండాలల్ల దీనికన్న ముందు పట్టించుకోవాల్సింది ఎడబాటు. అమ్మనాయిన ముంబై, పుణె, హైదరాబాద్ పనికి పోతరు, కొందరు చెరుకు కొట్టుడుకు పోతరు, పిల్ల అవ్వ తాత దగ్గరనో, వలస పోయినోళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్లనో ఉంటది. ఆ పిల్ల క్లాసుల కిటికీలకెళ్లి చూస్తుంటె ధ్యాస లేదని తిట్టుడు సులువు, ఆమె మనసు ఎక్కడుందో అడుగుడే కష్టం.

దీనికి సంబంధించి ఒక పాత ప్రయోగం ఉంది, చాలామంది విన్నదే. 1960ల చివర్ల, 70ల మొదట్ల అమెరికా స్టాన్‌ఫర్డ్‌ల వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, నేను వచ్చే దాక తినకుంటే రెండు ఇస్త అని చెప్పి బయటికి పోయిండు. ఆగిన పిల్లలు పెద్దయినంక మంచిగ చదివిన్రు అని అందరూ చెప్పుకున్నరు, ఇప్పటికీ మోటివేషన్ క్లాసులల్ల చెప్తరు. కానీ 2018ల ఇంకా ఎక్కువ మంది పిల్లలతోటి మళ్ల చూస్తే, ఇంటి పరిస్థితిని లెక్కలకు తీసుకున్నంక ఆ సంబంధం మస్తు తగ్గిపోయింది. 2013ల సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలు, ఆమె తోటోళ్లు చేసింది ఇంకా మంచి ప్రయోగం. ముందుగాల పిల్లలకు మంచి క్రేయాన్లు తెస్తమని మాటిచ్చిన్రు, కొందరికి తెచ్చిన్రు, కొందరికి లేవని చెప్పిన్రు. తర్వాత మిఠాయి పెడితే, మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగిన్రు, మాట తప్పిన మనిషిని చూసినోళ్లు 3 నిమిషాలే ఆగిన్రు. అంటే ఓపిక అనేది పిల్లగాని లోపల మాత్రమే ఉండేది కాదు, చుట్టూ ఉన్న పెద్దోళ్ల మాట మీద ఎంత నమ్మకం ఉన్నదో అంత ఉంటది. దసరాకు వస్తమని చెప్పి రాలేకపోయిన తల్లిదండ్రుల తప్పు ఇందుల లేదు, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరితే గదా వాళ్లు కదిలేది. కానీ బడిల ఉన్న పెద్దోళ్లు ఆ నమ్మకాన్ని కొంతైన నిలబెట్టొచ్చు. రేపు కథ చెప్త అంటే రేపు చెప్పాలె, చెప్పలేకపోతే ఎందుకు చెప్పలేదో పిల్లలకు చెప్పాలె. వారంల ఒకరోజు బడి నుంచే అమ్మకు ఫోన్ కలిపి మాట్లాడిస్తమని చెప్తే ఆ రోజు తప్పొద్దు. అవ్వకు ఫోన్ చేయరాకపోవచ్చు, సారు ఫోన్ల నంబర్ ఉంటే చాలు. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ పేరు మీద మన జిల్లాలల్ల ఒకే ఒక్క పని చేయాల్నంటే ఇదే చేయాలె అనిపిస్తది, దీనికి ట్రైనింగ్ అవసరం లేదు, బడ్జెట్ కూడ అవసరం లేదు.

రెండో సంగతి, ఏ మాటల్ల నేర్పుతున్నం అనేది. మనసుల ఉన్నదానికి ఒక పేరు పెట్టి చెప్పగలిగితే దాని జోరు కొంత తగ్గుతది, పెద్దోళ్ల మీద 2007ల మాథ్యూ లీబర్‌మన్ టీం చేసిన బ్రెయిన్ స్కానింగ్‌లల్ల కూడ ఇదే కనిపించింది, మొకం బొమ్మ చూసి అది కోపం అని పేరు పెట్టంగనే మెదడుల భయాన్ని, అలజడిని చూసే అమిగ్డలా అనే భాగం కొంచెం నెమ్మదైంది. అయితే ఆ పేరు పిల్లకు నోట్లె ఆడే మాట అయ్యుండాలె. 2022-23 నుంచి సర్కారు బళ్లల్ల ఇంగ్లీష్ మీడియం వచ్చింది, పాఠాలకు అది కావాల్సిందే కావొచ్చు, కానీ ఐ యామ్ శాడ్ అని అప్పజెప్పిన ఒకటో తరగతి పిల్లగాడు తన బాధ చెప్పినట్టు కాదు. ఇంట్ల లంబాడీల మాట్లాడే పిల్లకు తెలుగే కొత్త, గద్వాల, నారాయణపేట అంచుల కన్నడ మాట్లాడే పిల్లలుంటరు, పాలమూరు టౌన్ల ఉర్దూ మాట్లాడే పిల్లలుంటరు. తెలుగు పిల్లలకు కూడ ఇంట్ల వినే మాటలు బుగులైతుంది, రంది పెట్టుకుంది, యాష్టకొస్తుంది, నారాజ్ అయింది, గుస్సైంది, ఇవి. బడిల ఈ మాటలు పనికిరావని దిద్దితే పిల్లకు తన లోపలి సంగతి చెప్పే తొవ్వే మూసుకపోతది. తండా బడిల సారుకు లంబాడీ రాకపోయినా ఐదో తరగతి పిల్లను అడిగి నాలుగైదు మాటలు నేర్చుకొని గోడ మీద తెలుగు లిపిల రాసిపెట్టొచ్చు, సారు తమ మాట నేర్చుకుంటున్నడని చూసిన పిల్లలు ఇంకా ధైర్యంగ మాట్లాడతరు. అసలు మాటే రాని పిల్లలు బొమ్మ గీస్తరు, ఇల్లు గీసి అందుల అమ్మను బయట దూరంగ గీసిన పిల్లకు ఏమైందో వేరే చెప్పాల్సిన పని లేదు.

ఇక రోజు మొత్తంల ఎక్కడ నేర్పాలె. ఒక్క టీచరే ఉండి ఐదు తరగతులు చూసే బళ్లు మన దగ్గర చాలా ఉన్నయి, 2022ల మొదలైన తొలిమెట్టు అనే సర్కారు కార్యక్రమం కింద చదువుడు, రాసుడు, లెక్కలు పిల్లలకు తప్పకుండ రావాలన్న వత్తిడి ఉంది, అది ఉండాల్సిందే. అసుంటి చోట దీనికి వేరే పీరియడ్ పెట్టమంటే కాగితం మీద పెడతరు అంతే. కాబట్టి ఉన్న పనులల్లనే కలపాలె. హాజరు పిలిచేటప్పుడు ప్రెజెంట్ సార్ అనే బదులు ఈ రోజు మనసు ఎట్లుందో ఒక్క మాట చెప్పుమంటే ముప్పై మందికి మూడు నిమిషాలు పడతది, చెప్పబుద్ధి కానోళ్లు ఊరికే చెయ్యి లేపుతరు, వాళ్లను బలవంతం చేయొద్దు. మొదటి వారం అందరూ బాగుంది అంటరు, ముందలోడు ఏమంటే వెనకోడు అదే అంటడు, ఫరక్ పడదు. సారు కూడ తన సంగతి చెప్పాలె, ఈ రోజు బస్సు లేటైంది, నాకు కొంచెం చిరాకుగుంది, మీ మీద కాదు అని. అట్ల చెప్పిన రోజు నుంచి పిల్లలు కూడ నిజం చెప్పుడు మొదలువెడతరు.

కొట్లాట వచ్చినప్పుడు ఏం చేయాలె అనేది అన్నిటికన్న ముఖ్యం, అందుకే కొంచెం వివరంగ చూద్దాం. ఎందుకు కొట్టినవ్ రా అని అప్పటికప్పుడు నిలదీస్తే జవాబు రాదు, ఎందుకంటే ఆలోచించి ఆగమని చెప్పే మెదడు ముందు భాగం ఇరవై ఏండ్లు దాటినంక కూడ ఎదుగుతనే ఉంటది, ఆరేండ్ల పిల్లగానికి కోపం మీద ఉన్నప్పుడు అది అందుబాటుల ఉండదు. ముందు నీళ్లు తాగిపించి, సారు పక్కన కూసోబెట్టుకోవాలె, మూలకు పంపొద్దు, మూలకు పంపితే శిక్ష అనుకుంటడు. తాబేలు లెక్క ముడుసుకొని మూడుసార్లు ఊపిరి తీసుకునుడు నేర్పే పద్ధతి బయటి దేశాల బళ్లల్ల ఉంది, చిన్నపిల్లలకు ఆట లెక్క ఉంటది, మంచిగ చేస్తరు, కాకపోతే దాన్ని కోపం లేనప్పుడే నేర్పి పెట్టాలె. కొంచెం సల్లబడ్డంక, ఏమైంది బిడ్డా అని ఒకల్ని అడగాలె, ఇంకొకడు మధ్యల మాట్లాడొద్దు, విన్నది మళ్ల చెప్పాలె, నేను పెన్సిల్ అడగకుండ తీసుకుంటే వీనికి కోపమొచ్చిందట అని. తర్వాత అదే రెండోవాని వంతు. ఆఖరికి ఇప్పుడు దీన్ని ఎట్ల సరిచేద్దాం అని వాళ్లనే అడగాలె. పెన్సిల్ చెక్కి ఇస్త అంటడు, కాటు మీద సల్ల నీళ్లు పోస్త అంటడు, ఏదో ఒకటి అంటడు. బలవంతపు సారీకన్న ఇది మంచిది, ఎందుకంటే ఇందుల పిల్లగాడు తాను చేసిన దెబ్బను తానే చూసి తానే బాగు చేస్తడు. మొదట్ల అయిదు, పది నిమిషాలు పోతయి, నిజమే. కొన్ని నెలలు ఇదే తీరు నడిస్తే పెద్ద తరగతి పిల్లలే చిన్నోళ్ల పంచాయితీ తెంపుడు మొదలువెడతరు, ఒక్క టీచర్ బడికి దానికన్న సాయం ఏముంటది.

మధ్యాహ్న భోజనం దగ్గర కూడ ఎన్నో నేర్పొచ్చు, గుడ్డు ఇచ్చే రోజు లైన్ల తోసుకునుడు, చిన్నోన్ని వెనక్కి నూకుడు రోజూ చూసేదే. పెద్దోళ్లు చిన్నోళ్లకు వడ్డించి తర్వాత తినుడు అనే ఒక్క అలవాటు చాలు. అష్టాచెమ్మా, కుంటుడు బిళ్ల, కబడ్డీ ఆడిపిస్తే ఓడిపోవుడు అలవాటైతది, ఓడినప్పుడు గవ్వలు ఇసిరేసే పిల్ల నెలకు ఇసిరేయకుండ మళ్ల ఆడదాం అంటే అది ఏ గ్రేడ్‌కన్న పెద్ద ముచ్చట.

మగపిల్లగాడు ఏడిస్తే ఆడపిల్ల లెక్క ఏడుస్తవేందిరా అంటరు, ఆడపిల్ల కోపం చేస్తే గంత కోపం పనికిరాదు రేపు ఎట్ల బతుకుతవ్ అంటరు. ఇంట్ల అంటరు, బడిల కూడ అంటరు. ఈ రెండు మాటలు బడిల బందు కావాలె, ఇందుల మెత్తగ చెప్పాల్సింది ఏం లేదు. ఏడ్వనియ్యని పిల్లగానికి బాధ వచ్చినప్పుడల్ల అది కోపం రూపంల బయటికి వస్తది, ఎందుకంటే వానికి పర్మిషన్ ఉన్న ఎమోషన్ అదొక్కటే. కోపం చూపియ్యనియ్యని పిల్ల తనను ఎవరైన ముట్టరాని చోట ముట్టినా వద్దని అరవలేదు. ఒంటి మీద చెయ్యి పడితే వద్దని గట్టిగ చెప్పుడు కూడ ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌ల భాగమే, అది నేర్పకుండ దయ, జాలి మాత్రమే నేర్పితే సగమే నేర్పినట్టు.

కట్టె విషయం చెప్పకుండ ఇదంతా చెప్పుడు వేస్ట్. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లలను కొట్టుడు, మనసు నొప్పించేటట్టు తిట్టుడు రెండూ నిషేధం, 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్ల ఉంది. అయినా రెండు తగిలియ్యుండ్రి సారు, ఇంట్ల మాట వింటలేడు అని తల్లిదండ్రులే వచ్చి చెప్తరు, ప్రేమతోటే చెప్తరు. టీచర్ల మీద కూడ మోత తక్కువేం లేదు, ఎలక్షన్ డ్యూటీ, సర్వేలు, ఆన్‌లైన్ల ఎంట్రీలు, భోజనం బిల్లులు, వీటి మధ్యల అలిసిపోయిన మనిషి ఓపిక నేర్పాలంటే ఆ ఓపిక ఎక్కడికెళ్లి రావాలె. కాబట్టి టీచర్ల ట్రైనింగుల పిల్లల ఎమోషన్స్ గురించి పీపీటీ చూపించే ముందు, చుట్టుపక్కల బళ్ల టీచర్లు నెల నెలా కలిసే కాంప్లెక్స్ మీటింగుల ఒక గంట టీచర్లు తమకు ఏ పిల్లతోని కష్టమైతుందో, ఎప్పుడు చెయ్యి లేస్తుందో ఒకరికొకరు చెప్పుకునే చోటు ఉండాలె, అక్కడ చెప్పింది ఇన్‌స్పెక్షన్‌ల వాడొద్దు. పిల్లలు టీచర్ చెప్పేది తక్కువ నేర్చుకుంటరు, టీచర్‌కు కోపమొచ్చినప్పుడు ఏం చేస్తున్నడో చూసి ఎక్కువ నేర్చుకుంటరు.

ఎదుటోళ్ల బాధ అర్థం చేసుకునుడు నేర్పేటందుకు కెనడాల మేరీ గోర్డన్ అనే ఆమె 1996ల మొదలువెట్టిన ఒక పద్ధతి ఉంది, ఏడాది పొడుగునా ఒక పసిపాపను, వాళ్ల అమ్మను క్లాసుకు పిలిచి, పాప ఎందుకు ఏడుస్తుంది, దేనికి నవ్వుతుంది, ఇప్పుడు ఏం కావాలె అని పిల్లలను గమనించమంటరు. మన దగ్గర అంగన్‌వాడీ చాలా ఊర్లల్ల బడి ఆవరణలనే ఉంటది, నెలకోసారి ఒక తల్లిని అడిగితే వస్తది, మన పిల్లలు ఇంట్ల తమ్మున్ని చెల్లెను ఎత్తుకొని తిరిగేటోళ్లే కాబట్టి వాళ్లకు మస్తు తెల్సు, ఆ తెలిసినదాన్ని బడిల మాటలల్ల చెప్పిపిస్తే చాలు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిన పెద్దమనుషులు చాలా ఊర్లల్ల కనిపిస్తరు, పిల్లలు వాళ్ల నడక ఎక్కిరిస్తుంటరు, పండ్ల మీద మచ్చలున్న పిల్లలను కూడ ఎక్కిరిస్తరు. తప్పు అని తిట్టేకన్న, ఒప్పుకున్న తాతను ఒక్కరోజు బడికి పిలిచి ఆయన చిన్నప్పుడు ఏ బాయి నీళ్లు తాగిండో, నొప్పి ఎట్లుంటదో చెప్పిపిస్తే సైన్సు పాఠం, మనసు పాఠం రెండూ ఒకేసారి అయితయి.

ఒకటి రెండు జాగ్రత్తలు కూడ ఉన్నయి. దీనికి మార్కులు, గ్రేడ్లు పెట్టొద్దు, పెడితే పిల్లలు సారుకు నచ్చే ఎమోషన్ చెప్పుడు నేర్చుకుంటరు. నలుగురి ముందు ఇంటి సంగతులు కూపీ లాగొద్దు, నాయిన తాగొచ్చి అమ్మను కొట్టిండని ఒక పిల్ల హాజరప్పుడు చెప్తే, చెప్పినందుకు మంచి పని చేసినవ్ బిడ్డా, తర్వాత మనిద్దరం మాట్లాడుకుందాం అని అక్కడికి ఆపాలె, సాయంత్రం లోపల తప్పకుండ మాట్లాడాలె. ప్రమాదం ఉందనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలె, లైంగిక వేధింపు అని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలె, ఊర్ల ఇజ్జత్ పోతదని దాచుడు నేరం. ఇంకో సంగతి, రోజూ చిరచిరలాడే పిల్లకు కోపం గురించి పాఠం చెప్పే ముందు పొద్దున తిని వచ్చిందా, రాత్రి నిద్రపోయిందా, చెవి మంచిగ వినిపిస్తుందా, బోర్డు కనిపిస్తుందా చూడాలె.

చివరగా గురుకులాల సంగతి. మన జిల్లాలల్ల 4వ తరగతి పిల్లలు ఎంట్రన్స్ రాసి 5వ తరగతికి గురుకులం హాస్టల్‌కు పోతరు, తొమ్మిది పదేండ్ల వయసు, ఒక్కరోజు కూడ అమ్మను ఇడిసి పండని పిల్లలు. ఎంట్రన్స్‌కు గైడ్లు, మోడల్ పేపర్లు అన్నీ తెస్తరు, జూన్ల మొదటి రాత్రి ఏడుపొస్తే ఏం చేయాల్నో మాత్రం ఎవరూ చెప్పరు, కొందరు పిల్లలు వారంల ఇంటికి వాపస్ వస్తరు, దాన్ని పిల్ల తప్పు లెక్క చూస్తరు. ఈ పని ప్రైమరీ బడి చేయాల్సింది. ఫిబ్రవరి నుంచే బెంగ ఎట్లుంటది, కడుపుల ఎట్లైతది, మొదటి పది రోజులు అందరికీ ఉంటది, తర్వాత తగ్గుతది అని మాట్లాడాలె, ఏడుపొస్తే ఎవరికి చెప్పాలె, ఫోన్ ఎప్పుడు ఇస్తరు, సీనియర్లు సతాయిస్తే ఏమనాలె అనేది నాటకం లెక్క చేసి చూపియ్యాలె. అన్నిటికన్న సులువైంది ఇంకోటి ఉంది. పోయిన ఏడు గురుకులానికి పోయిన పిల్ల సంక్రాంతి సెలవులకు ఇంటికి వస్తది, ఆమె సెలవులు అయిపోయే లోపల నాలుగో తరగతి పిల్లలను ఒక పూట జమచేసి ఆమెతోని మాట్లాడిపిస్తే, హాస్టల్ల రాత్రి ఏడుపొచ్చినప్పుడు తానేం చేసిందో ఆ పిల్ల చెప్పే మాట, ఏ పెద్దమనిషి చెప్పినదానికన్న బాగ ఎక్కుతది.